గాలం మీద పన్ను, ఖజానాకు తాళం

అమెరికాలో సరదాకు గాలం వేసేవారే సముద్రపు చేపను కాపాడుతున్నారంటే మనకు నవ్వు వస్తుంది. పట్టేవాడు కాపాడడమేమిటి? నవ్వే ముందు ఒక సంగతి గమనించాలి. అక్కడ ఈ పనిని వారి మంచితనానికి వదిలిపెట్టలేదు. చట్టమే చేయిస్తోంది.

1950లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన డింగెల్-జాన్సన్ చట్టం గాలం కర్రలు, రీళ్లు, ఎరబొమ్మలపై ఉన్న 10 శాతం పన్నును చేపల కోసమే కేటాయించింది. దాన్ని తయారీదారు దగ్గరే వసూలు చేసి రాష్ట్రాల మత్స్య విభాగాలకు పంచుతారు. పనుల ఖర్చులో 75 శాతం వరకు ఈ నిధి భరిస్తే, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. నన్ను ఆకట్టుకున్నది పన్ను కాదు, దానికి కట్టిన షరతు. గాలం లైసెన్సుల రుసుమును రాష్ట్రం వేరే పనికి మళ్లిస్తే ఈ నిధికి అర్హత కోల్పోతుంది. ఏ ఆర్థిక మంత్రికైనా ఆ డబ్బు మీద ఆశ పుడుతుంది, చేయి మాత్రం చాచలేడు.

1984 నాటి వాలప్-బ్రో సవరణ ఇంకా ముచ్చటైనది. మోటారు బోటు పెట్రోలు మీద కూడా జనం రహదారుల పన్ను కడుతున్నారు. బోటు రోడ్డు మీద నడవదు కదా! ఆ వాటాను రహదారి నిధి నుంచి తీసి నీటి వనరుల నిధిలో వేశారు. దిగుమతి పడవల సుంకాన్నీ అందులోనే కలిపారు. తీర రాష్ట్రాలు ఈ సొమ్మును సముద్రంలో వేటాడేవారు, మంచినీటిలో వేటాడేవారు ఎందరున్నారో చూసి ఆ నిష్పత్తిలో పంచాలి. ఇందులో బోట్లు తయారుచేసేవారిది త్యాగమేమీ కాదు. చేప లేని తీరంలో బోటు ఎవరు కొంటారు? 2014లో సముద్రపు సరదా వేట నిర్వహణపై నివేదిక ఇచ్చిన సంఘానికి నేతృత్వం వహించిన ఇద్దరిలో ఒకరు మావెరిక్ బోట్ కంపెనీకి చెందిన స్కాట్ డీల్. స్వార్థాన్ని సరైన కాలువలోకి తిప్పడమే విధానం.

కంచే చేను మేస్తోందనేవారూ ఉన్నారు. అట్లాంటిక్ తీరపు స్ట్రైప్డ్ బాస్ అనే చేప 1995లో కోలుకుందన్నారు, 2019 నాటికి మళ్లీ తరిగిపోయిందని తేల్చారు. అందులో పెద్ద వాటా సరదా వేటదే. నిజమే. అయినా ఆ లెక్క కట్టడానికీ నిధి కావాలిగా!

ఇక మన సంగతి. సెస్సుల్లో మనకు కొదవ లేదు, వాటికి తాళమే లేదు. 2018-19లో 35 సెస్సులు, ఇతర రుసుముల ద్వారా 2,74,592 కోట్ల రూపాయలు వస్తే, వాటికి కేటాయించిన నిధుల్లోకి చేరింది 1,64,322 కోట్లేనని కాగ్ లెక్క తేల్చింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య! పేదలైన మన జాలర్ల మీద కొత్త పన్ను వేయమని నేననను. ఇప్పటికే కడుతున్నదాని గురించే అడుగుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట మాని, వారు తూర్పు తీరపు చేపకు ఊపిరి తీసుకునే సమయం ఇస్తున్నారు. మళ్లీ మరబోటు కదిలిందంటే, అందులో పోసే డీజిల్ మీద కేంద్రం వసూలు చేసే సెస్సుల్లో ఒకదాని పేరు రహదారులు, మౌలిక వసతుల సెస్సు.