కేసు కొట్టేశారు సరే, ఆ కాగితం ఏది?

అమెరికాలో కోర్టు కేసు కొట్టేసిందంటే మనవాళ్లు ఇంటికొచ్చి ఆ సంగతే మర్చిపోతారు. ఏళ్ల తర్వాత నర్సింగ్ లైసెన్సుకో, బడిలో టీచరు ఉద్యోగానికో వేలిముద్రలిచ్చినప్పుడు అది మళ్లీ లేస్తుంది.

అరెస్టప్పుడు పోలీసులు తీసిన వేలిముద్రలు రాష్ట్రం ద్వారా ఎఫ్‌బీఐకి చేరతాయి. కోర్టు ఏం తేల్చిందో ఆ తర్వాత విడిగా పంపాలి. అది చాలాసార్లు చేరదు. దుకాణంలో మన బిల్లు మనమే వేసుకునే సెల్ఫ్ చెకౌట్‌లో స్కాన్ కాని సరుకు మీద పెట్టిన కేసే తీసుకోండి. రికార్డులో అరెస్టు తేదీ ఉంటుంది, పోలీసు శాఖ పేరు ఉంటుంది, దొంగతనం అన్న మాట ఉంటుంది. తీర్పు ఉండాల్సిన చోట ఖాళీ. అదేమైందో రుజువు తెమ్మని లైసెన్సు బోర్డు మిమ్మల్నే అడుగుతుంది.

అందుకే కేసు ముగిసిన వారంలోనే కోర్టు క్లర్కు ఆఫీసులో ముద్ర వేసిన సర్టిఫైడ్ డిస్పొజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే పత్రం, రెండు మూడు కాపీలు తీసుకోండి. చిన్న కేసుల ఫైళ్లను గడువు తీరాక చాలా కోర్టులు ఉంచవు. ఎఫ్‌బీఐ దగ్గర మీ గురించి ఏముందో 18 డాలర్లు కట్టి, వేలిముద్రలు పంపి మీరే తెప్పించుకోవచ్చు. తప్పుంటే సవాలు చేయడానికి రుసుము లేదు.

దరఖాస్తులో ప్రశ్నను నిదానంగా చదవాలి. "దోషిగా తేలారా" వేరు, "ఎప్పుడైనా అరెస్టయ్యారా" వేరు. రికార్డు చెరిపేశారు కాబట్టి లేదని రాసెయ్యమనే స్నేహితుల మాట వినకండి. కొన్ని బోర్డులు చెరిపేసినవీ చెప్పమంటాయి, పౌరసత్వం ఫారమైతే అడిగి తీరుతుంది. తప్పు ఒప్పుకుని డైవర్షన్‌లో (షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే ఏర్పాటులో) చేరితే, తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని దోషిగా తేలినట్టే లెక్కగట్టవచ్చు. సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించాలి. మన సంఘాలు టాక్సు మీద, వీసాల మీద సదస్సులు పెడతాయి. దీని మీద పెట్టడానికి పరువు అడ్డొస్తోంది, అది నాకు మింగుడుపడదు.

ఉద్యోగమిచ్చే ముందు ప్రైవేటు కంపెనీలు చేయించే తనిఖీతో వచ్చే చిక్కు వేరు. అక్కడ ఎక్కువగా పేరు, పుట్టిన తేదీ పట్టుకునే వెతుకుతారు. శ్రీనివాస్‌లు ఎంతమంది! ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే ఇంకొకరి కేసు మీకు అంటుకోవచ్చు. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం ఆ తనిఖీ రిపోర్టు చూసి ఉద్యోగం కాదనే ముందు దాని కాపీ మీకివ్వాలి. అందిన రోజే తనిఖీ సంస్థకు అభ్యంతరం రాయండి, మామూలుగా 30 రోజుల్లో అది మళ్లీ విచారించాలి. అదే ఉత్తరం కంపెనీ హెచ్‌ఆర్‌కూ పంపండి. విచారణ పూర్తయ్యేదాకా ఆ ఉద్యోగాన్ని మీకోసం ఆపి ఉంచాలని ఆ చట్టంలో లేదు.