మందు ఆపారు సరే, ఎందుకు ఆపారు?

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దావిడ చేతిలో రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి డిశ్చార్జ్ సమ్మరీ, రెండోది ఫ్యామిలీ డాక్టర్ ఏళ్ల తరబడి రాస్తున్న మందుల చీటీ. పాత చీటీలోని బీపీ మాత్ర కొత్తదాంట్లో లేదు. ఆపేశారా, రాయడం మర్చిపోయారా? వార్డులో ఆమెను చూసిన డాక్టర్‌కు తెలుసు. రేపటి నుంచి ఆమెను చూసుకోవాల్సిన డాక్టర్‌కు తెలియదు.

మందుల జాబితా ఫ్యామిలీ డాక్టర్‌కు చేరాలన్న మాట కొత్తది కాదు. మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టిన కార్యక్రమం కూడా, రోగి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే సమయాన్ని ముఖ్యంగా పట్టించుకోమంది. కానీ జాబితా చేరితే సగం పనే అయినట్టు. కారణం కూడా చేరాలి.

బీపీకి, గుండె జబ్బుకు వాడే రామిప్రిల్ మాత్రనే ఉదాహరణగా చూడండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయిన మనిషికి, కిడ్నీలు దెబ్బతినకుండా దాన్ని కొన్నాళ్లు ఆపుతారు. కోలుకున్నాక రక్తపరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంకో మనిషి అదే మందు పడక పెదాలు, నాలుక వాచి ఆసుపత్రిలో చేరతాడు. అతనికి దాన్ని జన్మలో మళ్లీ ఇవ్వకూడదు. ఇద్దరి జాబితాల్లోనూ కనిపించేది మాత్రం ఒకటే: రామిప్రిల్ లేదు. మళ్లీ మొదలుపెట్టకపోతే మొదటివారికి గుండె జబ్బు ముదరొచ్చు, తెలియక మళ్లీ ఇస్తే రెండోవారికి ఊపిరే ఆడకపోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టిన మందులదీ ఇదే కథ. గుండెకు స్టెంట్ వేశాక, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఎప్పటిదాకా వాడాలో రాయకపోతే, తొందరగా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం, అవసరం లేకుండా కొనసాగిస్తే రక్తస్రావం భయం. ఆసుపత్రిలో రాత్రిళ్లు కలవరపడుతున్నారని పెద్దవాళ్లకు నాలుగు రోజుల కోసం ఇచ్చిన మత్తు మాత్ర, ఎవరూ ఆపమనక, నెలల తరబడి సాగుతుంది. ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. ఆ మత్తులోనే పడి తుంటి విరగ్గొట్టుకుని మళ్లీ అదే వార్డుకు వస్తారు.

అమెరికాలో డిశ్చార్జ్ అయిన 400 మంది మీద జరిపిన అధ్యయనం 2003లో వెలువడింది. వారిలో 19 శాతం మందికి ఇంటికెళ్లాక వైద్యం వల్లే ఏదో ఒక హాని జరిగింది. అందులో దాదాపు మూడింట రెండొంతులు మందులకు సంబంధించినవే.

దారులు లేకపోలేదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ మందులు వాడేవారికి జర్మనీ 2016 నుంచి ఒకే నమూనాలో ఇస్తున్న మందుల పట్టికలో, ఆ మందు దేనికోసమో రాసే గడి ఉంది. ఇంగ్లండ్‌లో 2021 నుంచి ఆసుపత్రులు డిశ్చార్జ్ వివరాలను నేరుగా రోగి వెళ్లే మందుల షాపుకు పంపగలుగుతున్నాయి. అక్కడి ఫార్మసిస్టు పాత, కొత్త మందులను పోల్చి చూస్తారు.

సమ్మరీ రాసే జూనియర్ డాక్టర్‌కు టైమ్ ఉండదన్నది నిజమే. మంచం ఖాళీ చేయించాలన్న ఒత్తిడి నిజమే. అందుకే పెద్ద ఉత్తరం అడగడం లేదు. మార్చిన ప్రతి మందు పక్కన ఒక్క లైను చాలు: ఎందుకు, ఎప్పటిదాకా, మళ్లీ ఎవరు చూడాలి. అది రోగి సంచీలో కాకుండా నేరుగా డాక్టర్‌కు వెళ్లాలి. అందిన రోజే ఫ్యామిలీ డాక్టర్ తన రికార్డులో పాత మందును కొట్టేయాలి. ఎందుకంటే ఆ పెద్దావిడ ఇంట్లో పాత మాత్రల స్ట్రిప్పు ఇంకా సగం మిగిలే ఉంది.