చేలో రేర్ ఎర్త్‌లు ఉంటాయి, అంతమాత్రాన అది గని కాదు

2023లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లాలో రేర్ ఎర్త్ మూలకాలు (సీరియం, డిస్ప్రోసియం లాంటి లోహాలు) గుర్తించారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది: "ఇవి చాలా అరుదైన లోహాలు. మట్టి పరీక్షలో 200 పీపీఎం (టన్ను మట్టిలో 200 గ్రాములు) వస్తే కింద గని ఉన్నట్టే. చైనావాళ్లు మట్టిలోంచే తీస్తున్నారు." ఇది నమ్మి అప్పు చేసి పొలం కొంటే మునిగిపోతారు.

అరుదు అన్నది పేరులోనే. భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి ఉన్నంత ఉంది. బాగా తక్కువగా దొరికే థూలియం కూడా వెండి కంటే ఎక్కువే. ఒకేచోట పోగుపడటమే అరుదు.

ఇక 200 పీపీఎం. మామూలు నేలల్లోనే 100 నుంచి 200 దాకా ఉంటుంది. ఎకరంలో అరడుగు లోతు మట్టి సుమారు 900 టన్నులు. టన్నుకు 200 గ్రాముల లెక్కన 180 కిలోలు! జనం పడిపోయేది ఈ అంకె దగ్గరే. అందులో మూడో వంతుకు పైగా చవకైన సీరియమే. అయస్కాంతాల్లో వాడే డిస్ప్రోసియం టన్నుకు నాలుగైదు గ్రాములు. అదీ చాలావరకు గట్టి ఖనిజపు గింజల్లో బిగిసి ఉంటుంది.

చైనా మాట నిజమే, కానీ ఆ మట్టి వేరు. దక్షిణ చైనాలోని జియాంగ్సీలో వానలు దండిగా పడి గ్రానైట్ మీటర్ల లోతున కుళ్లి బంకమట్టి అయింది. రాతిలోంచి విడివడిన రేర్ ఎర్త్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఆ బంకరేణువులకు అంటుకుని ఉంటాయి. అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం పోస్తే అమ్మోనియం వాటి చోటు తీసుకుని వాటిని నీళ్లలోకి నెడుతుంది. అందుకే 0.05 శాతం (500 పీపీఎం) ఉన్నా గిట్టుబాటవుతుంది. ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో రాయి అంత లోతుగా కుళ్లదు. దంచెర్ల, పెద్దవడుగూరు వైపు బయటపడ్డవి సైనైట్ అనే గట్టి రాతిలో ఉన్నాయి. ఎంత లోతున, ఎంత శాతం ఉన్నాయో డ్రిల్లింగ్ చేస్తేనే తేలుతుంది.

ల్యాబ్‌ను రెండు అంకెలు అడగండి: మొత్తం ఎంత, అమ్మోనియం సల్ఫేట్‌కు కరిగి వచ్చేది ఎంత. మొత్తం 600 పీపీఎం ఉండి కరిగేది 20 అయితే అది చైనా తరహా మట్టి కాదు. మొత్తం కొలిచేటప్పుడు ఆక్వా రెజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) ఒక్కటే వాడితే చాలదు. మోనజైట్, జిర్కాన్ అనే గట్టి ఖనిజాల గింజలు దానికి పూర్తిగా కరగవు, అంకె తక్కువ వస్తుంది. మట్టిని లిథియం మెటాబోరేట్ అనే లవణంతో కలిపి కొలిమిలో కరిగించి, ఐసీపీ-ఎంఎస్ అనే మూలకాలు కొలిచే యంత్రం మీద చదవాలి.