సర్వే నంబరుకి అనుమతి, పక్క చేనుకి మునక

గోదావరి డెల్టాలోని మా ఊళ్లో పంట కాలువ గట్టు దిగితే మొదట వచ్చేది మా పెదనాన్నగారి ఎకరంన్నర. దాని కింద మాది, మా కింద ఇంకో పద్దెనిమిది మంది చేలు, చివర మురుగు కాలువ. పై చేలో నిండిన నీళ్లు గండిలోంచి కింద చేలోకి, అక్కణ్నుంచి చేల మధ్య సన్న కాలువ అయిన బోదెలోకి, బోదె వెంట మురుగు కాలువలోకి దిగుతాయి. నాలుగేళ్ల కిందట మా కింద రెండెకరాలు లేఅవుట్ అయింది. గ్రావెల్ తోలి చేను మట్టానికి మూడడుగుల ఎత్తు లేపారు. రంగు రాళ్లు పాతి జెండాలు కట్టారు. బోదె ఉన్న చోట ఒక సిమెంటు తూర (గొట్టం) వేసి పైన మట్టి కప్పేశారు. ఆ ఏడాది సార్వా కోతల ముందు తుపాను వాన పడింది. తూర నోట్లో గుర్రపుడెక్క ఇరుక్కుంది. ఐదు రోజులు నీరు లాగలేదు. పడిపోయిన చేలో ఒక వెన్ను పైకి తీసి చూస్తే గింజగింజకీ తెల్లటి మొలక.

వెళ్లి అడిగితే అన్నిటికీ కాగితాలు చూపించారు. భూమార్పిడి ఫీజు కట్టారు. లేఅవుట్‌కి సాంకేతిక అనుమతి ఉంది. పది శాతం ఖాళీ స్థలం పంచాయతీకి రాసిచ్చారు. ఒక్క కాగితంలో కూడా అబద్ధం లేదు. బోదె కూడా లేదు.

నాకు కోపం ఆ రెండెకరాలు అమ్మిన రైతు మీద కాదు. కౌలు డబ్బులతో పిల్లల ఫీజులు కట్టలేక అమ్ముకున్నాడు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టినప్పుడే వరి వేస్తే ఏం మిగులుతుందో రాష్ట్రమంతా చూసింది. ఇళ్లు కావాల్సినవాళ్లకి స్థలాలూ కావాలి. డెల్టాలో భూమిని మార్చొద్దని ఎవరన్నా నేను ఒప్పుకోను. మార్చేటప్పుడు ఏం అడుగుతున్నారన్నదే నా బాధ.

ఇప్పుడు అడిగేదంతా ఆ సర్వే నంబరు గురించే. హక్కుదారు ఎవరు, విలువ ఎంత, రోడ్డు ఎన్ని అడుగులు, ఖాళీ స్థలం వదిలారా అని చూస్తారు. సాగు భూమిని మార్చాలంటే ఫీజు కట్టి అనుమతి తీసుకోవాలని 2006లో చట్టం చేశారు. జనం నోట్లో అది ‘నాలా’. ఆ చట్టాన్ని రద్దు చేయాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. దరఖాస్తుదారుకి ఒక ఆఫీసు తిరుగుడు తప్పుతుంది, మంచిదే. పైగా నాలా ఉన్నన్నాళ్లూ నీళ్ల సంగతి గట్టిగా అడిగిందీ లేదు. కానీ ఆ మెట్టు పోయాక మిగిలేది లేఅవుట్ అనుమతి ఒక్కటే. నీళ్లు ఎటు పోతాయన్న ప్రశ్న అక్కడైనా ఉండాలి కదా.

భవన నిబంధనల్లో కొంత ఉంది. పది మీటర్ల కన్నా వెడల్పైన కాలువ పక్కన తొమ్మిది మీటర్లు, అంతకన్నా సన్నదాని పక్కన రెండు మీటర్లు వదలాలి. పెద్ద కాలువకి ఇది పనికొస్తుంది. మా బోదె లాంటిది చాలా చోట్ల రైతుల పట్టా భూమిలోంచే పోతుంది. దానికి విడిగా నంబరు ఉండదు, పటంలో గీత ఉండదు. పటంలో లేనిదానికి రెండు మీటర్లు ఎక్కణ్నుంచి కొలుస్తారు?

ఈ నేల అంతా నీళ్ల లెక్కలో ఒక్కటేనని ప్రభుత్వానికి తెలియక కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు ఇవ్వడం ఒక పని అయితే, వాడిన నీళ్లని సముద్రంలోకి దింపడం రెండో పని అయింది. రెండోది ఎప్పుడూ వెనకబడే ఉంది. 1960లలో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల మీదే అధ్యయనం చేసింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. డ్రెయిన్ల బాగు కోసం డెల్టా భూముల మీద ఎకరాల లెక్కన సెస్సు వేశారు. మురుగు కాలువకి దూరంగా ఉన్న చేనుకీ దానితో సంబంధం ఉందని ఒప్పుకున్న చట్టం అది. డబ్బు వసూలు చేసేటప్పుడు అందరినీ ఒకే నీటి పరీవాహకంగా చూసినవాళ్లం, అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్కొక్క నంబరుగా ఎందుకు విడదీస్తున్నాం?

మాస్టర్ ప్లాన్ ఈ పని చేస్తుందని కొందరంటారు. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు కేంద్రాలుగా పట్టణాభివృద్ధి సంస్థలు వచ్చాయి. పల్లెలు కూడా వాటి పరిధిలోకి వెళ్లాయి. మాస్టర్ ప్లాన్ అంటే రంగుల పటం. ఇక్కడ ఇళ్లు, ఇక్కడ దుకాణాలు, ఇక్కడ సాగు అని రంగులు వేస్తారు. మెట్ట ప్రాంతంలో అది చాలుతుందేమో. ఇక్కడ రంగు కన్నా ముందు మట్టం తెలియాలి. కోనసీమ చివరి ఊళ్లు సముద్ర మట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్నాయి. పోటు వచ్చినప్పుడు డ్రెయిను నీళ్లు సముద్రంలోకి దిగవు, పాటు (సముద్రం వెనక్కి తగ్గే వేళ) దాకా ఆగాలి. పూడిక పేరుకుంటే ఆ కాస్త దిగడమూ ఉండదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిను వెంట కొబ్బరి తోటల్లోకి ఉప్పునీరు ఎక్కి చెట్లు మొండేలైపోయాయి. డ్రెయిను మీద ఇంత భారం ఉన్నచోట, ఎగువన మూడడుగులు మెరక చేసిన ప్రతి రెండెకరాలూ ఆ భారాన్ని కాస్త పెంచుతాయి.

మన పెద్దవాళ్లకి ఈ మట్టాల జ్ఞానం ఉండేది. అది మాటల్లోనే మిగిలిపోయింది. మెరక, పల్లం, దిబ్బ, లంక, తిప్ప, పర్ర, ఆవ. ఎదుర్లంక, గరగపర్రు లాంటి ఊరి పేర్లలో ఆ మాటలు ఇంకా వినిపిస్తాయి. ఊరు మెరక మీద, పాటిదిబ్బ మీద కట్టుకున్నారు. నీళ్లు నిలిచే పల్లపు నేల అయిన ఆవని నీళ్లకే వదిలేశారు. 2020లో రాజమహేంద్రవరం వైపు బూరుగుపూడి దగ్గర ఆవ భూముల్ని పేదల ఇళ్ల స్థలాలకి తీసుకున్నప్పుడు, ఆ నేల మునుగుతుందన్న వాదన హైకోర్టు దాకా వెళ్లింది. ‘ఆవ’ అని పిలుస్తున్నప్పుడే అక్కడ ఏం జరుగుతుందో ఆ చుట్టుపక్కల ముసలివాళ్లందరికీ తెలుసు. వాళ్లని ముందు అడిగి ఉంటే సరిపోయేది.

చెరువుల సంగతి ఇంకా పెద్దది. భీమవరం చుట్టుపక్కల వరి చేల మధ్య రొయ్యల చెరువు వస్తే, మొదటి ఏడాది గట్టు పక్క మడిలో ఆకు కొస ఎర్రబడుతుంది. రెండో ఏడాది ఆ మడి పంట ఇవ్వదు. మూడో ఏడాది ఆ రైతు కూడా చెరువు తవ్విస్తాడు. ఇష్టంతో కాదు, వేరే దారి లేక. 1996లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు సాగు భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని చెప్పింది. 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వా సంస్థ చట్టం తెచ్చింది. 2020లో రాష్ట్రం సొంతంగా ఆక్వా అభివృద్ధి సంస్థకి చట్టం చేసింది. చట్టాలకి లోటు లేదు. ఏ గుంపు చేలు కలిసి చెరువులు కావాలి, ఏ గుంపు కలిసి వరిగానే ఉండాలి అని గట్ల లెక్కన కాకుండా కాలువల లెక్కన గీసిన హద్దు కావాలి. ఆక్వా జోన్ అన్న మాటకి అర్థం అదే అవ్వాలి. చుట్టూ వరి ఉండగా మధ్యలో ఒక చెరువుకి అనుమతి ఇచ్చాక జోన్ ఎక్కడ మిగిలినట్టు?

మరి ఎవరు గీయాలి? పట్టణాలకి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలు ఇచ్చింది. అందులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ. పంచాయతీలకి ఇచ్చిన 11వ షెడ్యూల్లో 29 అంశాలున్నా భూ వినియోగ ప్రణాళిక అన్న మాట లేదు. లేఅవుట్ దరఖాస్తు పంచాయతీకే వస్తుంది, పంచాయతీ పేరు మీదే ఉత్తర్వు వెళ్తుంది. మధ్యలో సాంకేతిక అనుమతి మాత్రం పై ఆఫీసు ఇస్తుంది. బోదె ఎక్కడుందో తెలిసినవాళ్ల చేతిలో ముద్ర ఉంది, పటం లేదు. పటం ఉన్నవాళ్లకి బోదె తెలియదు.

ఆ రెంటినీ కలిపే చోటు కూడా రాజ్యాంగంలోనే ఉంది. 243జెడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాలో ప్రణాళిక కమిటీ ఉండాలి. పంచాయతీలకీ పురపాలికలకీ ఉమ్మడిగా సంబంధించిన స్థల ప్రణాళిక, నీటి పంపకం అది చూడాలి. డెల్టా కోసమే రాసినట్టుంటుంది ఆ వాక్యం. మన జిల్లాల్లో ఈ కమిటీ ముందుకి నిధుల పద్దులే కాకుండా డ్రెయిన్ల పటం కూడా రావాలి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలు ఉన్నాయి. ఏ తూము ఎప్పుడు తెరవాలో తెలిసినవాళ్లు వాటిలోనే ఉంటారు. లేఅవుట్‌కైనా, చెరువుకైనా పైకి ఫైలు వెళ్లే ముందు నీటి సంఘం రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలి, గ్రామసభలో చదివి వినిపించాలి అన్న ఒక్క నిబంధన చాలు, మా తూర లాంటివి సగం ఆగిపోతాయి. ఎక్కడ ఎంత మెరక చేయొచ్చో, బోదె మూస్తే దాని బదులు ఎంత వెడల్పు కాలువ తీయాలో అనుమతిలోనే రాయాలి. 2020లో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో గట్లు కొలిచిన రాష్ట్రానికి మట్టాలు కొలవడం కష్టం కాదు.

కిందటి వేసవిలో మా చేల వరసలోని రైతులంతా కలిసి ఒక చార్టు మీద బోదె గీశారు. ఎవరి చేలో గండి ఎక్కడ, తూర ఎక్కడ, ఎవరి గట్టు పల్లం అన్నీ పెన్సిలుతో రాశారు. మా పెదనాన్నగారు ఎనభై ఏళ్ల వయసులో పక్కన కూర్చుని రెండు చోట్ల చెరిపించి మళ్లీ గీయించారు. ఆ చార్టుని గ్రామసభలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. పంచాయతీలో ఇప్పుడు ఇంకో ఎకరం లేఅవుట్ దరఖాస్తు ఉంది. ఆ ఫైల్లో మా చార్టు నకలు పెట్టమని అడిగాం.