పుస్తకం మూసిన పిల్లవాడితో జాగ్రత్త

అనంతపురంలో ఈ మధ్య ఒక కొత్త రకం పిల్లలు కనబడుతున్నారు. పరీక్షలు నెలలో పడుతున్నా రాత్రి పదికల్లా పడుకుంటారు. కళ్ల కింద నలుపుండదు. సంగటి ముద్ద గొంతుకు అడ్డం పడదు. పల్లె నుంచి వచ్చిన చిన్నాయన "ఏమప్పా, సదువు ఎంతవరకొచ్చె?" అంటే నేలచూపులు చూడకుండా "బాగానే సాగుతాంది చిన్నాయనా, నువ్వు బువ్వ తిన్యావా?" అని ఎదురడుగుతారు. పదో తరగతి పిల్లవాడికి పెద్దల భోజనం సంగతి పట్టించుకునే తీరిక ఎక్కడిది? ఇది ఊరుకోదగిన విషయం కాదు.

చదువనేది మన దగ్గర ముందు కంటికీ చెవికీ సంబంధించిన పని. మార్కులు వచ్చేది ఎప్పుడో వేసవిలో. అంతవరకూ వీధికి ఏదో ఒక సాక్ష్యం కావాలి. అర్ధరాత్రి దాకా కిటికీలో వెలిగే ట్యూబులైటు ఒక సాక్ష్యం. తెల్లారి నాలుగింటికి గోడ దాటి వినిపించే "కిరణజన్య సంయోగక్రియ అనగా... కిరణజన్య సంయోగక్రియ అనగా..." ఇంకొకటి. మంగళస్నానానికి కూర్చున్న పెళ్లికూతురిలా పేజీపేజీకీ పసుపు పూసుకున్న గైడు మరొకటి. ఈ కొత్త పిల్లలు ఇవేవీ చూపడం లేదు, మార్కులు మాత్రం తెస్తున్నారు. సాక్ష్యం లేని తీర్పును పక్కింటివాళ్లు ఎలా ఒప్పుకోవాలి?

అందుకే తల్లిదండ్రుల సౌకర్యార్థం ఈ పిల్లలను పట్టుకునే ఆనవాళ్లు వివరిస్తున్నాం. సకాలంలో గుర్తిస్తే నయం చేయవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆనవాలు, పుస్తకం మూసి ఉండటం. వీడు రెండు పేజీలు పది నిమిషాలు చదువుతాడు. టపీమని పుస్తకం మూస్తాడు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, గుర్తున్నదంతా రాయడం మొదలుపెడతాడు. నడిమధ్యలో పెన్ను ఆగుతుంది. ఫ్యాను వైపు చూస్తాడు. మీరు సరిగ్గా అప్పుడే గదిలోకి వెళ్లి "ఫ్యాన్లో ఏముందిరా, పుస్తకం చూడు" అంటారు. మీ తప్పేమీ లేదు. పాఠాన్ని లోపలి నుంచి తవ్వుకునేవాడి ముఖం, క్రికెట్ స్కోరు తలుచుకునేవాడి ముఖం అచ్చం ఒకేలా ఉంటాయి. అలా రెండు మూడు నిమిషాలు కొట్టుకులాడాక పుస్తకం తెరిచి, తను వదిలేసినవన్నీ ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద చేరుస్తాడు. మర్నాడు పాఠం జోలికి పోడు. ఆ ఎర్రవాటిని మాత్రం మళ్లీ చూడకుండా రాస్తాడు.

ఈ దుశ్చర్యకు విదేశాల అండ కూడా ఉంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయీస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఒక పరీక్ష పెట్టారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలు చూడకుండా గుర్తు తెచ్చుకుంది. 5 నిమిషాల తర్వాత అడిగితే చదివిన గుంపుదే పైచేయి, 83 శాతం. చూడకుండా రాసినవాళ్లకు 71. అక్కడితో ఆపి ఉంటే మన సంప్రదాయం గెలిచేది. కానీ వాళ్లు వారం తర్వాత ఎంత మిగులుతుందో కూడా లెక్కవేశారు. నాలుగు విడతలు చదివితే 40 శాతం, చూడకుండా రాస్తే 61. ఇంతకూ అసలు విశేషం చెప్పలేదు. "మాకు బాగా గుర్తుంటుంది" అని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు విడతలు చదివినవాళ్లే. మనం ఫీజులు కట్టేది ఆ ధీమా కోసమే కదా. పరీక్ష హాలు గుమ్మం దాకా అది చెక్కుచెదరదు.

మీ ఇంట్లో ఈ అలవాటు మొదలైందనుకోండి, దాన్ని పాడుచేయడం సులువే. ఇరవై పేజీలు ఒక్కసారిగా చదివించి ఆ తర్వాత పుస్తకం మూయమనండి. పెన్ను కదలదు, వాడే ఏడ్చి మానేస్తాడు. రెండు పేజీలతో మొదలుపెట్టనిస్తే మాత్రం కష్టం. లేదా పెన్ను ఆగిన అర నిమిషానికే జవాబు చూసేయమనండి. చూడగానే "ఓ, ఇదా, ఇది నాకు తెలుసు" అనుకుంటాడు. ఆ మాట అన్నంతసేపూ మీరు నిశ్చింతగా ఉండవచ్చు. తెలుసుననుకోవడం వేరు, కాగితం మీదికి రావడం వేరని వాడికి పరీక్షలోనే అర్థమవుతుంది. ఇక తొలిరోజు పదింటిలో మూడే గుర్తొచ్చినప్పుడు "ఇంత చదివి మూడేనా?" అని ఒక్క మాట అనగలిగితే ఇంక చెప్పేదే లేదు. మొదట్లో మూడే రావడం ఈ పద్ధతిలో మామూలేనని వాడికి ఎవరూ చెప్పకూడదు.

లెక్కల దగ్గరా ఇదే గోల. నాభ్యంతరం 20 సెంటీమీటర్లున్న కుంభాకార కటకం, దానికి 30 సెంటీమీటర్ల దూరంలో వస్తువు, ప్రతిబింబం ఎక్కడ? గైడులో చేసిన లెక్కను కళ్లతో చదివినవాడికి అంతా తేటతెల్లం. మూసి చేస్తే వస్తువు దూరానికి మైనస్ గుర్తు పెట్టడం మరచిపోతాడు, 60 రావలసిన చోట 12 వస్తుంది. పన్నెండు కూడా పెద్దమనిషి తరహా అంకె కాబట్టి అనుమానం రాదు. ఈ కొత్త పిల్లవాడు అక్కడ ఆగి, నాభి అవతల ఉన్న వస్తువు ప్రతిబింబం నాభ్యంతరం కన్నా దగ్గర ఎలా పడుతుందని తనను తానే ప్రశ్నించుకుంటాడు. పక్కన తప్పుల నోటొకటి పెట్టుకుని "గుర్తు మరిచినాను" అని తేదీతో సహా రాసుకుంటాడు. తన తప్పులకు తానే జమాఖర్చు రాసుకునే పిల్లవాడిని చుట్టాల ముందు ఎలా నిలబెడతాం?

రెండో ఆనవాలు, ఒకే పాఠాన్ని పదేపదే వదిలేసి మళ్లీ పట్టుకోవడం. సోమవారం చదివింది మంగళవారం చూస్తాడు, తర్వాత నాలుగో రోజు, పదో రోజు, మళ్లీ ఏ పాతికో రోజుకో. ఒక్కోసారి పది నిమిషాలే. పది నిమిషాల చదువును చదువని ఎవరంటారు? చదువంటే పరీక్ష ముందురోజు పద్నాలుగు గంటలు.

ఈ విషయంలో మన రైతుల వైఖరిని ప్రత్యేకంగా అభినందించాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మనది. శెనక్కాయ వేసిన ప్రతి రైతుకూ తెలుసు, ఊడలు దిగే వేళకు పదును లేకపోతే తర్వాత చెరువు తెచ్చి పోసినా కాయ ఊరదని. అందుకే డ్రిప్పు పైపులు పరిచి చుక్కచుక్కగా వదులుతాడు. బోరు నీళ్లన్నీ దాచిపెట్టి కట్టె పీకే ముందురోజు ఒక్కసారిగా పారించమంటే, చెప్పినవాణ్ణి పిచ్చాసుపత్రికి పంపుతాడు. అదే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి, "యాడాదంతా ఎట్లున్నా ఈ వారమన్నా గట్టిగా కూర్చోరా నాయనా" అని కొడుకుకు ఉపదేశిస్తాడు. పైరు వేరు, కొడుకు వేరు అనే ఈ వివేకం వల్లే మన కోచింగ్ సెంటర్ల క్రాష్ కోర్సులు మూడు పూవులు ఆరు కాయలుగా ఉన్నాయి.

ఈ చుక్కనీటి చదువుకు వీళ్లు వాడే పరికరం మూడు మిఠాయి డబ్బాలు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ భాషా రచయిత 1972లో ఈ పద్ధతిని ప్రచారంలో పెట్టాడు. అట్టముక్కకు ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. కొత్త అట్టలన్నీ మొదటి డబ్బాలో వేసి రోజూ చూడాలి. జవాబు సరిగ్గా వస్తే రెండో డబ్బాలోకి, అది మూడు రోజులకొకసారి. మళ్లీ వస్తే మూడో డబ్బాలోకి, అది వారానికొకసారి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి డబ్బాకే. సోదా చేసేటప్పుడు ఒక్కో అట్ట మీద ఎంత రాశాడో చూడండి. "రెండో పానిపట్టు యుద్ధం ఎప్పుడు?" వెనక "1556" అని ఉంటే వాడు చేయి తిరిగినవాడు. "మొగలుల పాలనను వివరింపుము" అని ఉంటే భయం లేదు, వారంలో డబ్బాలు అటకెక్కుతాయి. అలాగే రోజుకు పది పదిహేను కొత్త అట్టలకు మించనివాణ్ణి అనుమానించాలి. తొలిరోజు ఉత్సాహంలో అరవై రాసినవాడు పదో రోజుకు పాతవి చూసుకోవడానికే సాయంత్రమంతా చాలక తానే లొంగిపోతాడు.

మూడోది, లెక్కలు కలగాపులగంగా చేయడం. పరావలయం లెక్కలు ఇరవై వరసగా చేస్తే చేయి ఎంత బాగా నడుస్తుంది! ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే ఉండదు, శీర్షికే చెబుతుంది. ఈ పిల్లలు పరావలయం ఒకటి, వృత్తం ఒకటి, సంభావ్యత ఒకటి కలిపి చేసి, నెమ్మదిగా నడుస్తూ, తప్పులు చేస్తూ కూర్చుంటారు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 67 సెకన్ల చిల్లర, ఏ ప్రశ్న నెత్తినా ఏ అధ్యాయమో రాసి ఉండదు అని వాళ్ల వాదన. వాదనలో పస ఉంది గనుక వినకండి.

ఇక నిద్ర. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణులంటారు. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవాళ్లు ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టించి, కొన్నాళ్లు నిద్రపుచ్చి, కొన్నాళ్లు మేలుకోనిచ్చి అడిగారు. నేర్చుకోగానే నిద్రపోయినప్పుడే తక్కువ మరిచారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపడంలో దోషం లేదు, రాత్రి ఎనిమిదికి పడుకోబెట్టగలిగితే. కానీ ఎనిమిదికి సీరియలుంది, తొమ్మిదికి ఇంకొకటుంది, మిద్దె చల్లారేసరికి పదకొండవుతుంది. ఐదు గంటల నిద్రతో లేచినవాడు పుస్తకం ముందు తల ఊపుతుంటాడు. అది శ్రద్ధ కొద్దీ ఊపుతున్నట్టే కనిపిస్తుంది గనుక సాక్ష్యంగా పనికొస్తుంది.

ఒత్తిడే లేకపోతే పిల్లలు చదవరనే వాదనకు శాస్త్రాధారం లేదని ఎవరన్నారు? 1908లోనే యెర్క్స్, డాడ్సన్ ఎలుకలకు ఒక కోచింగ్ సెంటర్ పెట్టారు. తెల్ల పెట్టెలోకి వెళ్లాలి, నల్ల పెట్టెలో కాలు పెడితే కరెంటు షాకు. నలుపు తెలుపుల తేడా స్పష్టంగా ఉన్నప్పుడు షాకు పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మాత్రం షాకు ఒక హద్దు దాటాక నేర్పు మందగించింది. ఎక్కాలు అప్పజెప్పించేటప్పుడు కాస్త గద్దించినా చెల్లుతుంది, సమాకలనం చేసేవాడిని గద్దిస్తే చేతికి రాదు అని దీనర్థం. మన ఇళ్లలో ఈ అధ్యయనాన్ని మొదటి సగం వరకు శ్రద్ధగా చదివి, సరిగ్గా అక్కడ పుస్తకం మూసినట్టున్నారు.

చిన్నాచితకా ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు లేవడం. ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో టమోటా ఆకారపు వంటింటి గడియారంతో ఇది మొదలుపెట్టాడు. కక్కలపల్లి మార్కెట్లో ధర లేక టమోటా పారబోసే జిల్లావాళ్లం, ఆ కాయ ఇంత పనికొస్తుందని మనకు తట్టలేదు. ఆ 5 నిమిషాలు వాడు నీళ్లు తాగి మిద్దెక్కి దిగితే ప్రమాదమే. ఫోను చేతికిచ్చి చూడండి, ఆ ఐదు నిమిషాలు కాస్తా నలభై ఐదవుతాయి. ఫోను వేరే గదిలో పెట్టే పిల్లవాడైతే మీ చేయి దాటిపోయినట్టే.

పరీక్ష రోజు పొద్దున ఒక కాగితం మీద పది నిమిషాలు తన భయాలన్నీ రాసి పక్కన పెట్టేవాళ్లు కూడా తయారయ్యారు. పరీక్షంటే బాగా భయపడేవాళ్లకు ఇది పనిచేస్తుందని 2011లో షికాగో పరిశోధకులు చూపించారు. ఆ పది నిమిషాలూ మన పద్ధతిలో గేటు ముందు గడపాలి. "ఆ నాలుగు మార్కుల ప్రశ్న చూసుకున్యావా? అయ్యో, అదే వస్తాదంట!"

వీళ్ల వల్ల కలిగే ఆర్థిక నష్టం సంగతీ చూడాలి. టవర్‌క్లాక్ చుట్టుపక్కల రంగు పెన్నులు అమ్మేవాళ్లేం కావాలి? జ్ఞాపకశక్తి లేహ్యం సీసాల గతేమిటి? హాలుటికెట్టుకు పూజలు చేసి దారం కట్టే స్వాములు ఏం తిని బతకాలి? క్యాలెండరు కాగితాలు, మూడు మిఠాయి డబ్బాలు, ఒక ఎర్ర పెన్ను. ఈ పెట్టుబడితో ఒక పిల్లవాడు గట్టెక్కితే మార్కెట్లో డబ్బు ఎలా తిరుగుతుంది?

కనుక అనుమానం ఉన్నవాళ్లు ఈ రాత్రి పదిన్నరకు పిల్లవాడి గది తలుపు ఓరగా తీసి చూడండి. గురక వినిపిస్తే కంగారుపడకండి, వాణ్ణి లేపకండి. చప్పుడు కాకుండా లోపలికి వెళ్లి, ఎదురింటివాళ్లు పడుకోకముందే ట్యూబులైటు వేసి వచ్చేయండి.