అన్నా మే వాంగ్‌ది దురదృష్టం కాదు

నాటి హాలీవుడ్ నటి అన్నా మే వాంగ్ పేరెత్తగానే ‘పాపం, అదృష్టం కలిసిరాలేదు’ అంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు.

1905లో లాస్ ఏంజెలెస్‌లో, లాండ్రీ నడుపుకునే చైనా కుటుంబంలో పుట్టింది. పదిహేడేళ్లకే, 1922లో, తొలినాటి టెక్నికలర్ (రంగుల) సినిమా ‘ద టోల్ ఆఫ్ ద సీ’లో కథానాయిక. ఆ తర్వాత హాలీవుడ్ ఆమెకు ఎక్కువగా ఇచ్చినవి రెండు రకాల వేషాలే. ఒకటి ప్రాణం తీసుకునే అమాయకురాలు, రెండోది ప్రాణాలు తీసే మాయలాడి.

విసిగి 1928లో యూరప్ వెళ్లిపోయింది. లండన్‌లో తీసిన ‘పికడిల్లీ’ ఒక్కసారి చూడండి. నైట్‌క్లబ్‌లో అంట్లు తోమే పిల్ల, తోటి పనివాళ్ల ముందు బల్లెక్కి నెమ్మదిగా నడుము కదుపుతుంది. మూకీ సినిమా, మాట లేదు. అయినా ఆ సీన్‌లో చూపు ఇంకొకరి మీదికి పోదు.

తిరిగొచ్చాక 1931లో ‘డాటర్ ఆఫ్ ద డ్రాగన్’. నాయిక ఆమే, పారితోషికం 6 వేల డాలర్లు. అందులో 23 నిమిషాలే కనిపించే వార్నర్ ఓలాండ్‌కు 12 వేలు. ఆయన స్వీడన్‌లో పుట్టిన తెల్లవాడు, వేసింది చైనావాడి వేషం.

అసలు దెబ్బ ‘ద గుడ్ ఎర్త్’ సినిమా. చైనా రైతుల కథ. అందులో రైతు భార్య ఓ-లాన్ పాత్ర మీద ఆమె ఎంతో ఆశ పెట్టుకుంది. కానీ రైతు వేషం తెల్ల నటుడు పాల్ మునికి ఇచ్చారు. వేర్వేరు జాతుల జంటను తెరమీద చూపడానికి అప్పటి సెన్సార్ నియమాలు ఒప్పుకోవు కాబట్టి భార్యా తెల్లావిడే కావాలి. లూయిజ్ రైనర్ ఆ పాత్రకు ఆస్కార్ అందుకుంది. అన్నా మేకు స్క్రీన్‌టెస్ట్ చేసింది లోటస్ కోసం, అంటే ఆ సంసారంలో చిచ్చుపెట్టే రెండో ఆడదాని కోసం.

నియమం ఉంది కదా, స్టూడియో ఏం చేస్తుంది అంటారా? హీరోగా తెల్లవాడిని పెట్టమని ఏ నియమమూ చెప్పలేదు. ముందు అతన్ని ఎంచుకుని, ఆ ఎంపికనే ఈమెకు అడ్డుగోడ చేశారు.

1936లో తొలిసారి చైనా వెళ్లింది. అమెరికాలోనే పుట్టినా, చైనా మూలాలవాళ్లు దేశం దాటి మళ్లీ రావాలంటే అప్పట్లో ముందుగా ఒక ఫారం నింపాలి. ‘పౌరులమని చెప్పుకుంటున్నవారి దరఖాస్తు’ అని దాని మీదే రాసి ఉండేది. తీరా చైనాలో దిగితే, మన పరువు తీసే వేషాలు ఎందుకు వేశావని అక్కడి పత్రికలు నిలదీశాయి. ఆ ప్రశ్న అడగాల్సింది ఆమెను కాదు.