పావలా వడ్డీకీ పావు శాతానికీ నడుమ

2025 ఫిబ్రవరి 7న రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీని, 6.50 నుంచి 6.25 శాతానికి దించింది. ఇలాంటి మార్పును 'పావు శాతం తగ్గింపు' అనడం మనకు అలవాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో అధికారంలోకి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పొదుపు సంఘాల మహిళల కోసం తెచ్చిన పథకం పేరు 'పావలా వడ్డీ'. రెండు చోట్లా ఉన్నది నూటికి పావలాయే. కాకపోతే మొదటిది ఏడాది లెక్క, రెండోది నెల లెక్క. అంటే పావలా వడ్డీ ఏడాదికి మూడు శాతమవుతుంది. ఈ పన్నెండు రెట్ల తేడాను అంకె చెప్పదు, దాని పక్కన ఉండీ మనం పలకకుండా వదిలేసిన కాలం చెబుతుంది. ఆ మాటకొస్తే 'పావు శాతం తగ్గింపు' కూడా సరైన మాట కాదు. 6.50లో 0.25 తగ్గడమంటే ఆ రేటు దాదాపు 3.85 శాతం తగ్గినట్టు. అందుకే తెలిసినవాళ్లు 'పావు శాతం పాయింటు' అని విడిగా అంటారు.

ఊళ్లో రాసుకునే ప్రామిసరీ నోటు ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటుంది. 'నెల 1కి నూటికి రూ. 2 వడ్డీ చొప్పున' అన్న వాక్యంలో శాతం అనే మాట లేకపోయినా ఎంత, దేని మీద, ఎన్నాళ్లకు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉంది. కాగితం దాటి నోటి మాటలోకి వచ్చేసరికి అది 'రెండు రూపాయల వడ్డీ'గా కుదించుకుపోతుంది. అప్పుడు బ్యాంకువాళ్ల 12 శాతం పెద్దదిగా, షావుకారు రెండు రూపాయలు చిన్నవిగా వినిపిస్తాయి. నిజానికి షావుకారు తీసుకునేది ఏడాదికి 24 శాతం. అసలును, కాలాన్ని, రేటును గుణించి నూటితో భాగించమని మా బళ్లో బట్టీ పట్టించారు గానీ, రూపాయి వడ్డీ ఏడాదికి పన్నెండు శాతమన్న ఒక్క మెట్టు మాత్రం ఎవరూ ఎక్కించలేదు. పాఠ్యపుస్తకంలో సరళ వడ్డీ అధ్యాయం మొదలు కావలసింది అక్కడేనని నా అభిప్రాయం.

రోజువారీ ఫైనాన్సు లెక్క ఇంతకంటే మాయగా ఉంటుంది. పదివేల అప్పు రాసుకొని, వెయ్యి ముందే పట్టుకొని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదివేలకు వెయ్యే కదా, నూటికి పది అని తోపుడుబండి మనిషి సర్దిచెప్పుకుంటాడు. కానీ అతని దగ్గర తొమ్మిది వేలు వంద రోజులూ ఉండవు. మొదటి సాయంత్రం నుంచే బాకీ కరుగుతూ పోతుంది కనుక, సగటున అతను వాడుకున్నది సుమారు నాలుగున్నర వేలు. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే నూటికి ఇరవై రెండు; ఏడాదికి చూస్తే 80 శాతానికి కాస్త అటూ ఇటూ. ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు, నూరు అన్నది దేనికో మాత్రం చెప్పలేదు.

పన్నుల తగ్గింపు వార్తల్లోనూ ఇదే లోపం. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గినప్పుడు ధర కూడా పది శాతం దిగుతుందని అనుకున్నవాళ్లున్నారు. పన్నుతో కలిపి 128 ఉన్నది 118 అయితే తగ్గేది 7.8 శాతమే. నెయ్యి మీద పన్ను 12 నుంచి 5కు వచ్చింది: పన్ను కలపకముందు కిలో 500 ఉన్న నెయ్యి 560 నుంచి 525కు దిగాలి. తగ్గిన 35 రూపాయలు 560లో సరిగ్గా పదహారో వంతు. శాతంలో చెబితే 6.25, మన తాతలైతే 'రూపాయికి అణా తగ్గింది' అని తేల్చేసేవారు.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. 'పదహారణాల తెలుగుదనం' అన్నప్పుడు మనం నూటికి నూరుపాళ్లనే పాత కొలమానంలో చెబుతున్నాం. పావు, వీసం (పదహారో వంతు) లాంటి మన భిన్నాలు నాలుగేసి వంతులుగా తెగుతాయి. వాటికి తెలుగులో ప్రత్యేకమైన అంకెలే ఉండేవి, 2008లో యూనికోడ్‌లోకి కూడా చేరాయి. ఆ వరుసలోని సున్నాకు పేరు హళ్లి. 'హళ్లికి హళ్లి, సున్నకు సున్న' అన్న సామెతలో మిగిలింది అదే.

నాణెం మారినా నేల మారలేదు. కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. కాగితం మీద '2.20' అని ఉంటే గుంటూరు రైతు దాన్ని రెండెకరాల ఇరవై సెంట్లుగా చదువుతాడు, నల్లగొండ రైతుకు అది రెండున్నర ఎకరాలు. తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి సీజనుకు 6,000 చొప్పున ఇచ్చే పెట్టుబడి సాయం రైతు భరోసాను దానికి లెక్కగడితే, గుంటల ప్రకారం 15,000 రావాలి. ఆ చుక్కను దశాంశ బిందువుగా చదివితే 13,200 దగ్గరే ఆగిపోతుంది. కూడికలో అయితే నష్టం ఇంకా పెద్దది. ఎకరం పాతిక గుంటల చెక్కలు రెండింటిని 1.25, 1.25 అని ఎక్సెల్‌లో కొట్టి కూడితే 2.50 అని వస్తుంది. గుంటలు నలభై నిండగానే ఎకరంలోకి పోతాయి కనుక సరైన జవాబు 3.10, అంటే మూడెకరాల పది గుంటలు. కంప్యూటరు చూపిన 2.50ను ఎవరైనా రెండున్నర ఎకరాలని చదివి అమ్మకం కాగితం రాయిస్తే, గుంటకు 121 గజాల చొప్పున 30 గుంటలు, అంటే 3,630 గజాలు, ఆ చుక్క దగ్గరే పోయినట్టు.